వదిన సరిపెట్టిన చిల్లర

బుల్లికి ఒళ్లు మండిపోయింది. సరుకుల కొట్టు యజమాని పొద్దున్నే పిలిపించి, "వారం రోజులుగా నీ ప్రోగ్రాంలో గల్లాపెట్టె లెక్క ఎర్రగా చూపిస్తోందమ్మా. రోజూ ఎంతో కొంత చిల్లర తేడా. మీ వదిన చేతివాటం చూపిస్తోందేమో కనుక్కో. సాయంత్రంలోగా తేలకపోతే రేపట్నుంచి ఆవిడ రానక్కర్లేదు" అనేశాడు.

చేతివాటమట! ఎవరైనా పొరపాటున ఎక్కువిస్తే వీధి చివరిదాకా పరిగెత్తి తిరిగిచ్చే మనిషి వదిన. అన్నయ్య నడుం దెబ్బతిని మంచమెక్కాక ఇల్లు గడిచేది ఈ క్యాషియరు జీతంతోనే. బుల్లికి ఈ కొట్టు బిల్లుల ప్రోగ్రాం రాసే పని ఇప్పించిందీ ఆవిడే. బుల్లి చేసిన మొదటి పని అది.

సరుకుల గదిలో బస్తాల మధ్య స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. పన్ను లెక్క చూసింది, బాగానే ఉంది. రద్దయిన బిల్లులు చూసింది, అవీ బాగానే ఉన్నాయి. యజమాని రెండుసార్లు తొంగి చూసి "దొరికిందా?" అన్నాడు, తప్పిపోయిన దూడ గురించి అడిగినట్టు. దొరికితే నోరు మూసుకుని కూర్చుంటానా అని లోలోపలే తిట్టుకుంది.

చివరికి డేటాబేసు తెరిచింది. డబ్బు దాచే గడి రకం ఫ్లోట్. "ఓసి నా బుద్ధి కాలిపోనూ!" అని నెత్తి కొట్టుకుంది. అలాంటి గడిలో కంప్యూటరు డబ్బును ఉన్నదున్నట్టు దాచదు, దగ్గరదగ్గరగా దాస్తుంది. అది చాలదన్నట్టు, పన్ను కలిపాక తోకల్లా మిగిలే పైసలను బిల్లు మీద దగ్గరి రూపాయికి సరిచేసి అచ్చు వేయిస్తూ, డేటాబేసులో మాత్రం తోకలతో సహా వదిలేసింది. జనం ఇచ్చేది బిల్లు మీది మొత్తం, సాయంత్రం ప్రోగ్రాం కూడేది తోకల మొత్తం. రోజుకు ఆరేడు వందల బిల్లులు, ఇంకేం కలుస్తాయి? డబ్బును పైసల్లోకి మార్చి పూర్ణాంకంగా దాచాలని నిన్న మొన్న నేర్చుకున్నవాళ్లకు కూడా తెలుసు. తర్వాత మారుద్దాంలే అనుకుంది. ఆ తర్వాత రానే లేదు.

పరుగున వెళ్లి చెబితే యజమాని నవ్వాడు. "మరి మొదటి మూడు నెలలూ ఒక్క రోజైనా తప్పలేదేం? అదే ప్రోగ్రాం కదా? వదిన కోసం తప్పు నీ నెత్తినేసుకుంటున్నావమ్మా."

బుల్లి విసురుగా వెనక్కి తిరిగింది. కౌంటరు దగ్గరికెళ్లి వదినని నిలదీసింది. "నిజం చెప్పు వదినా. మూడు నెలలు ఎలా కలిసింది?"

"కలిపాను కాబట్టి కలిసింది" అంది వదిన, తలెత్తకుండా. "తక్కువైతే నా పర్సులోంచి వేసేదాన్ని. ఎక్కువైతే తీసి దాచి, మర్నాడు తగ్గితే అందులోంచి వేసేదాన్ని. పోయిన వారం, సొంత డబ్బు కౌంటర్లోకి తేకూడదని రూలు పెట్టాడు. ఇంకేం చెయ్యను?"

"నాకెందుకు చెప్పలేదు?"

"నీ మొదటి పని కదే. తప్పుందని పదిమందికీ తెలిస్తే నీకు ఇంకెవరు పనిస్తారు? పోనీలే, చిల్లరేగా అనుకున్నా."

ఏడవాలో తిట్టాలో బుల్లికి తెలియలేదు. "నువ్వు సరిపెట్టబట్టే నాకు కనబడలేదు! మొదటి రోజే ఎర్రగా వచ్చుంటే మొదటి రోజే పట్టుకునేదాన్ని!" అని అరిచింది. వరసలో నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు.

వదిన వద్దు వద్దని చెయ్యి లాగుతున్నా వినకుండా యజమాని దగ్గరికి తీసుకెళ్లి, ఉన్నదంతా చెప్పేసింది. ఆయన చివరిదాకా విన్నాడు, నమ్మాడు కూడా.

"నువ్వు దొంగవి కావమ్మా, ఒప్పుకుంటాను" అన్నాడు వదినతో. "కానీ గల్లాపెట్టెలో డబ్బు వేసీ తీసీ లెక్క కలిపే మనిషిని నేనక్కడ కూర్చోబెట్టలేను. రేపట్నుంచి రావద్దు."

"తప్పు నాదండీ! పంపిస్తే నన్ను పంపండి!"

"నిన్ను పంపిస్తే ప్రోగ్రాం ఎవరు సరిచేస్తారు?"

మధ్యాహ్నమంతా పళ్లు కొరుకుతూ సరిచేసింది. పొద్దుటివాటితో సహా ప్రతి బిల్లూ అచ్చయిన మొత్తంతోనే, పైసల్లో, పూర్ణాంకంగా. సాయంత్రం గల్లాపెట్టె పైసా తేడా లేకుండా కలిసింది. యజమాని "శభాష్" అన్నాడు. ఆ మాటకి బుల్లికి చంప పగలగొట్టాలనిపించింది, ఆయనదో తనదో.

వదిన సంచీ భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. "కలిసిందా?" అంది.

బుల్లి తలూపింది.

"నా చెయ్యి పడకుండానే?" అని మళ్లీ అడిగి, వదిన నిజంగానే సంతోషపడింది.