ఎప్పుడూ ఐదువందల పదకొండే

నేను ఒక ఉప్పు స్ఫటికాన్ని. కూరలో పడేది కాదులెండి, సోడియం అయొడైడ్‌ని. కొలిమిలో కరిగించి, మెల్లగా చల్లార్చి, తేమ తగలకుండా అల్యూమినియం డబ్బాలో బిగించారు. గామా కిరణం తగిలితే మెరుస్తాను. ఆ మెరుపు ఎంత గట్టిదో నా వెనకున్న యంత్రం అంకె వేస్తుంది. బొంబాయి లేబొరేటరీవాళ్ళు కొత్తది కొనుక్కుని, నన్ను కాకినాడలో ఒక కాలేజీకి ఇచ్చేశారు.

అక్కడ నా ఎదుట రేడియోధార్మిక సోడియం బిళ్ళ పెట్టేవారు. అందులోంచి వచ్చిన, ఎలక్ట్రాన్‌కి ప్రతికణమైన పాజిట్రాన్‌కు ఎలక్ట్రాన్ ఎదురైతే రెండూ మాయమై కిరణాలైపోతాయి. ద్రవ్యరాశి శక్తిగా మారుతుందన్న సూత్రం నిజమైతే, ఎలక్ట్రాన్ ద్రవ్యరాశికి సరిపడా నా అంకె 511 దగ్గర పడాలి. ఇరవై ఏళ్ళు ప్రతి విద్యార్థికీ అక్కడే పడింది. రికార్డులో 'రుజువైనది' అని రాసి, కింద రెండు గీతలు గీసేవారు. నేను పొంగిపోయేదాన్ని.

ఒక ఏడు పరీక్షకు సువార్త అనే అమ్మాయి కూర్చుంది. ఈ మార్కులమీదే ఆమె రీసెర్చి సీటు ఆధారపడి ఉంది. బయటినుంచి వచ్చిన పరీక్షాధికారి నూర్జహాన్ మేడమ్ రికార్డు చూసి అడిగింది.

"యంత్రం స్కేలు దేంతో సరిచేశావమ్మా?"

"ఈ సోడియంతోనేనండీ. మీట తిప్పి 511కి తెచ్చి పెడతాం."

"నువ్వే అక్కడ పెట్టి, అక్కడే ఉందని రాశావా?"

పిల్లలు ఇబ్బంది పడకూడదని మా కాలేజీ భూషణం మాస్టారు ప్రతి పరీక్షకీ పొద్దున్నే వచ్చి ఆ మీట తిప్పేవారు. పాపం, మంచి మనసుతోనే.

"ఇరవై ఏళ్ళుగా ఎవరికీ తేడా రాలేదండీ," అన్నారాయన పక్కనే నిలబడి.

"నా భయమూ అదేనండీ," అంది మేడమ్.

సువార్త ముఖం పాలిపోయింది. అయినా లేచి నిలబడింది. "మేడమ్, గంట టైమివ్వండి. సీసియం, కోబాల్టు బిళ్ళలతో స్కేలు మళ్ళీ పెడతాను. వాటి కిరణాల శక్తి వేరే పద్ధతిలో కొలిచిందే కదండీ."

"అమ్మాయ్, తేడా వస్తే సీటు పోతుంది!" అన్నారు మాస్టారు కంగారుగా.

అయినా పెట్టింది. ఈసారి మీట ఎవరూ ముట్టుకోలేదు. నేను మెరిశాను. అంకె 507. అటూ ఇటూ ఆరు తేడా ఉండొచ్చని లెక్కగట్టి, ఉన్నది ఉన్నట్టు రాసింది. 511 ఆ హద్దులోనే ఉంది.

"మరి రుజువైనట్టేనా?" అంది మేడమ్.

"పూర్తిగా అనలేనండీ. కానీ ఇందాక తప్పు రావడానికి వీల్లేదు. ఇప్పుడు వీలుండి కూడా రాలేదు."

మేడమ్ మార్కులు వేసింది. వారం తర్వాత సువార్తకు సీటొచ్చింది.

ఆ వానల్లోనే నా డబ్బాలోకి తేమ దూరింది. పసుపెక్కి, 'పనికిరాదు' అన్న చీటీతో బీరువాలో పడున్నాను. ఆ పరీక్షనాటి దిగ్భ్రాంతి ఇంకా పోలేదు. ఇరవై ఏళ్ళు పనిచేశాననుకున్నాను. నన్ను నిజంగా ఒక ప్రశ్న అడిగింది మాత్రం ఆ ఒక్క గంటే.