లోపలి గడియ

నేను నిచ్చెన మీద ఉన్నాను. ట్రస్టు వాళ్ళ కొత్త హాలు గోడ మీద ‘మనదంతా ఒకే కుటుంబం’ అని మనిషి ఎత్తు అక్షరాలు రాయడం ఆ రోజు నా పని. ‘కుటుంబం’ దగ్గర సున్నా దిద్దుతూ వెనక్కి తిరిగేసరికి ఎదురింటికి తాళం వేస్తున్నారు.

ఆ ఇల్లు ఇస్త్రీ అక్కది. అక్క పొద్దున్నే చెల్లెల్ని వెంటేసుకుని బండి తోసుకుంటూ వెళ్ళింది. పిల్లలు బడికి వెళ్ళారు. మిట్టమధ్యాహ్నం, ట్రస్టు పెద్దాయన కొడుకు గుమ్మం ముందు నిలబడి ఉంటే, మా కాలనీ వాచ్‌మనే తాళంకప్ప నొక్కాడు. తలుపు మీద కాగితం అంటించారు. ఇంటికి ఐదుగురే ఉండాలని నిబంధన. ఈ ఇంట్లో ఆరుగురున్నారు కాబట్టి ఇల్లు వెనక్కి తీసుకుంటున్నారట. ఆ ఆరో మనిషి అక్క చెల్లెలే. కుట్టు ఫ్యాక్టరీలో మిషను కింద రెండు వేళ్ళు పోగొట్టుకుంటే, పని లేదు పొమ్మన్నారు. అక్క దగ్గరికి కాక ఎక్కడికి పోతుంది?

కాగితం జిగురు ఆరకముందే కిటికీ ఊచల్లోంచి ముడతలు పడ్డ చెయ్యి ఒకటి బయటికొచ్చింది.

“ఎవర్రా అది? తలుపెందుకు మూశారు?”

అక్క అత్తగారు. చెవులు సరిగా వినపడవు, పగలు కాస్త కునుకు తీస్తుంది.

పెద్దాయన కొడుకు మొహం పాలిపోయింది. “లోపల ఎవరూ లేరన్నావుగా!” అని వాచ్‌మన్ మీద అరిచాడు. అప్పుడే తాళం తీసి ఉంటే ఈ కథ లేదు. అతను తీయలేదు. పక్కకెళ్ళి ఫోన్లో మాట్లాడి వచ్చి, “కోడల్ని పిలిపించండి. ఖాళీ చేస్తానని సంతకం పెడితే వెంటనే తీసేస్తాం,” అన్నాడు.

ముసలావిడని లోపల పెట్టి కోడలి సంతకం అడుగుతున్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. నిచ్చెన దిగానో దూకానో గుర్తులేదు.

ఈ ట్రస్టు సంగతి చెప్పాలి. పెద్దాయన, ఆయన భార్య, కొడుకు, కోడలు, అందరూ కలిసి నడుపుతారు. ఐదేళ్ళ కిందట మురుగుకాలవ గట్టు మీద గుడిసెల్లో ఉన్న మాకు స్థలం చూపించి, ఇటుకా రేకూ ఇచ్చి, చాకిరీ మిమ్మల్నే చేసుకోమన్నారు. ఆదివారాలన్నీ మోశాం. అరవై నాలుగు ఇళ్ళు లేచాయి. మంచి ఇళ్ళు, అబద్ధమెందుకు! ఐదేళ్ళు నిబంధనల ప్రకారం నడుచుకుంటే ఇంటి పత్రాలు మా పేర రాసిస్తామన్నారు. పెదనాన్నా, పెద్దమ్మా, అన్నయ్యా అని పిలవమన్నారు. పిలిచాం. నోటికేం అరిగిపోతుంది?

ఒకటే ఇబ్బంది. మా తలుపులకి లోపల గడియ లేదు, బయటే ఉంది. “ఒకే కుటుంబంలో గడియలెందుకమ్మా?” అనేది పెద్దమ్మ. అంచేత వాళ్ళు ఎప్పుడంటే అప్పుడు లోపలికొచ్చేవాళ్ళు. చుట్టాల్ని, విరాళాలిచ్చే పెద్దమనుషుల్ని తెచ్చి గిన్నెల మూతలు తీసి చూపించేవాళ్ళు, ఎంత శుభ్రంగా ఉన్నామో అని. ఒకసారి నేను తల స్నానం చేసి జుట్టు తుడుచుకుంటుంటే నలుగురు మగవాళ్ళు గుమ్మంలో నిలబడి నవ్వుతూ తలలూపారు. సిగ్గుతో చచ్చిపోయాను. అయినా ఏమీ అనలేదు. ఆ ఐదేళ్ళు ఇంకో రెండు నెలల్లో పూర్తవుతాయి.

ఎవరో పరిగెత్తి వెళ్ళి వడ్రంగి బాబాయ్‌ని తీసుకొచ్చారు. అరవై నాలుగు తలుపులూ బిగించింది ఆయనే. ఊచల్లోంచి ముసలమ్మ చెయ్యి చూసి, ఆయన తలుపు గడియ తడిమాడు.

“ఈ తప్పు నాదే,” అన్నాడు.

“నీదెట్లా బాబాయ్?”

“పుట్టి బుద్ధెరిగాక గోదాములకి తప్ప తలుపులు పెట్టలేదు నేను. బయటికి తెరుచుకోవాలి, గడియ బయటుండాలి. సరుకు లోపల్నుంచి గడియ పెట్టుకోదు కదా! వాళ్ళు బయటొక్కటే చాలన్నారు, నేను సరేనన్నాను. ఇక్కడుండేది మనుషులన్న ఆలోచనే నాకు రాలేదు. నేనూ ఇందులోనే ఉంటాను, చూడు!”

సంచీలోంచి సుత్తి, మేకు తీశాడు. బయటికి తెరుచుకునే తలుపు కాబట్టి మడతబందులు కూడా బయటే ఉన్నాయి. కింది బందు చీల మీద మేకు ఆనించి కొట్టాడు. కొడుకు అడ్డం వచ్చాడు.

“తాళం పగలగొడితే కేసవుతుంది!”

“తాళం జోలికి నేను పోలేదు బాబూ.”

రెండో చీలా ఊడింది. నలుగురం పట్టి తలుపు ఎత్తి పక్కన పెట్టాం. తాళంకప్ప పాపం చెక్కుచెదరకుండా దానికే వేలాడుతోంది. ముసలమ్మ వెలుతురులోకి వచ్చి అందర్నీ చూసి, “ఎవరన్నా పోయారా?” అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు మాకు.

కొడుకు నవ్వలేదు. “రేపు పదింటికి వస్తాను. ఐదుగురు దాటిన ఇళ్ళు ఇరవై రెండున్నాయి, జాబితా ఉంది. అన్నిటికీ తాళాలు పడతాయి,” అని బండెక్కి వెళ్ళిపోయాడు.

పొద్దు వాలకముందే నీళ్ళ ట్యాంకు దగ్గర పోగయ్యాం. ముందు లేచింది వాచ్‌మన్.

“తాళం వేసింది నేనే. తిట్టండి, పడతాను. కానీ కాలవగట్టున పాముల మధ్య పడుండేవాళ్ళం. నీడ ఇచ్చారు. తిన్నింటి వాసాలు లెక్కపెడతామా?”

“ఆ వాసాలు కోసింది నేనేరా,” అన్నాడు బాబాయ్. “లెక్క నాకు ముందే తెలుసు.”

జనం గొల్లుమన్నారు. బాబాయ్ మాత్రం నవ్వలేదు.

“ఇటుకలు వాళ్ళవి, నిజమే. మరి మోసిందెవరు? మోసినోళ్ళకి హక్కుండదా? పత్రాలియ్యాల్సిన గడువుకి రెండు నెలల ముందే వీళ్ళకి మన తలకాయలు లెక్కపెట్టాలని ఎందుకు తోచింది?”

“నా ఇంట్లో నలుగురమే. జాబితాలో లేను,” అన్నాడు ఆటో నడిపేవాడు. “ఇరవై రెండు ఇళ్ళ కోసం మిగతావాళ్ళం ఎందుకు వీధిన పడాలి?”

ఇస్త్రీ అక్క లేచింది. కబురందగానే బండి అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చింది ఆమె.

“నీ పెళ్ళాం నెల తప్పిందిగా తమ్ముడూ. ఆ బిడ్డ పుడితే ఐదు. మీ అమ్మ మంచాన పడి నీ దగ్గరికొస్తే ఆరు. అప్పుడు ఎవర్ని బయటికి తోస్తావు, అమ్మనా బిడ్డనా?”

ఆటో తమ్ముడు తల దించుకున్నాడు.

“అయితే ఏం చేద్దాం? తాళాలు పడకుండా ఎట్లా ఆపుతాం?” అని ఎవరో అడిగారు.

బాబాయ్ చేతిలో మేకు తిప్పుతూ అన్నాడు: “తలుపుంటేనే కదా తాళం పడేది.”

ఒక్కసారిగా గోల లేచింది. ఆడపిల్లలున్న ఇళ్ళు, దొంగలు, కుక్కలు! ఇద్దరు ఎదిగిన కూతుళ్ళున్న తల్లి ఏడుస్తూ వద్దంటే వద్దంది. ఆమె భయం అబద్ధం కాదు. అక్క వెళ్ళి ఆమె పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

“ఇన్నాళ్ళూ తలుపుంది. ఎవరు ఆగారు చెప్పొదినా? అందరం వీధిలోనే కూర్చుందాం. దుప్పట్లు కడదాం. నీ పిల్లలు నా పక్కనే ఉంటారు.”

ఆమె కళ్ళు తుడుచుకుంది. “ముందు నాది తియ్యండి, మళ్ళీ మనసు మారుతుంది,” అంది.

మర్నాడు పదింటికి కొడుకు వచ్చాడు, ఇద్దరు మనుషుల చేత సంచీ మోయించుకుంటూ. సంచీ నిండా తాళంకప్పలు. వీధి వీధంతా చూశాడు. అరవై నాలుగు గుమ్మాలు, ఒక్క తలుపు లేదు. తలుపులన్నీ హాలు గోడకి ఆనించి ఉన్నాయి. నేను రాసిన అక్షరాల్లో ఒక్కటీ కనిపించడం లేదు. గుమ్మానికొకరు కూర్చున్నారు. ఆటో తమ్ముడూ ఉన్నాడు, ఆఖరికి వాచ్‌మన్ కూడా తన గుమ్మంలో తల వంచుకుని కూర్చున్నాడు.

కాసేపటికి పెద్దాయనే వచ్చాడు, వెనక పోలీసు జీపు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. దొంగ నీళ్ళు కావవి, నిజంగానే బాధపడ్డాడు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

“నిబంధనలు మీ మంచికేరా పిల్లలూ! లేకపోతే ఇదీ గుడిసెలవాడ అయిపోదూ? నా బిడ్డల్లా చూసుకున్నాను. ఏం తక్కువ చేశాడమ్మా మీ పెదనాన్న?”

ఇస్త్రీ అక్క కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

“అయ్యా,” అంది.

ఐదేళ్ళలో ఆయన్ని మాలో ఎవరం అలా పిలవలేదు. ఆయన ఉలిక్కిపడ్డాడు.

“అయ్యా, మా అత్తని లోపల పెట్టి నా సంతకం అడిగారు. బిడ్డల్ని ఎవరూ అలా అడగరు. మాకు పెదనాన్నలొద్దు. ఇంటి పత్రం కావాలి, లోపల గడియ కావాలి. మా ఇంట్లో ఎంతమందిమో మేం చూసుకుంటాం.”

కొడుకు బాబాయ్ వైపు వేలు చూపించాడు. పోలీసులు వెళ్ళి భుజం మీద చెయ్యేశారు. జనం జీపుకి అడ్డం పడ్డారు. లాఠీలు లేచాయి. పిల్లలు ఏడుపు లంకించుకున్నారు. జీపు మెట్టు మీద నిలబడి బాబాయ్ కేకేశాడు.

“జరగండి! ఇక్కడ దెబ్బలు తింటే అక్కడ పనెవరు చేస్తారు? రంగులమ్మాయ్, ఇటు రా!”

సుత్తీ ఉలీ ఉన్న సంచీ నా చేతికిచ్చాడు. “నా తప్పు దిద్దండి. గడియ బయట ఊడదీసి లోపల బిగించండి. చీలల తలలు చదును చెయ్యడం మర్చిపోకు, నాలాంటివాడు ఇంకొకడొచ్చి ఊడదీస్తాడు!”

జీపు వెళ్ళిపోయింది. ఏడ్చాను. ఏడుస్తూనే మొదటి తలుపు ఎత్తాను. చెల్లెలు మిగిలిన మూడు వేళ్ళతో స్క్రూలు అందించింది. ఆటో తమ్ముడు ఉలి పట్టాడు, వాచ్‌మన్ తలుపులు మోశాడు. నా గడియ కొంచెం వంకరగా వచ్చింది. వస్తే వచ్చింది! ఇంటింటా దొరికిన సుత్తులతో వీధంతా చెయ్యేస్తే, సాయంత్రం నాలుగయ్యేసరికి ఆఖరి తలుపు నిలబడింది. రేపు పొద్దున్నే అందరం స్టేషనుకి వెళ్ళి, ఆ తలుపులు ఊడదీసింది మేమేనని చెప్పాలని అనుకున్నాం.

ఇంకా ఎండ ఉండగానే కొడుకు వచ్చాడు. ఎప్పటిలాగే ఇస్త్రీ అక్క తలుపు పట్టి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. వీధంతా చూస్తోంది. అతను అటూ ఇటూ చూసి, ఐదేళ్ళలో మొదటిసారి తలుపు తట్టాడు.

“ఎవరూ?” లోపల్నుంచి ముసలమ్మ.

“నేనే. అన్నయ్యని.”

“ఏ అన్నయ్య? గట్టిగా చెప్పు, వినపడదు నాకు.”

“ట్రస్టు నుంచి! మాట్లాడాలి, తలుపు తియ్యండి!”

“మా వడ్రంగిని తీసుకొచ్చావా?”

“లేదు!”

“అయితే తీసుకురా పో,” అంది ముసలమ్మ. “తియ్యాలో వద్దో అప్పుడు చూస్తాను.”

పక్కింట్లో గడియ పడింది. ఆ పక్కింట్లోనూ పడింది. వీధి చివరిదాకా, ఒకదాని వెనక ఒకటి, లోపల్నుంచి గడియలు పడుతూనే ఉన్నాయి.