ఈదమ్మకు వన్స్‌మోర్

కాటమయ్య పెట్రోమాక్స్ గ్లాసును బూడిదతో రుద్దుతున్నాడు. చేతులు పనిలో ఉన్నాయి గానీ చెవులు వెనక గదిలో దగ్గుతున్న ఈదమ్మ మీదే ఉన్నాయి. కల్వకుర్తి బస్టాండు ఎదుట గాలయ్య దీపాల దుకాణం అది. పెళ్లిళ్లకు లైట్లు కిరాయికిస్తారు. ఒకప్పుడు ఈ వెలుగులోనే రాజు వేషం కట్టిన మనిషి ఇప్పుడు వీటి మసి తుడుస్తున్నాడు. అందుకు సిగ్గేం లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది.

"దవాఖానల ఇగ లాభం లేదని ఈదమ్మను ఇంటికి తీస్కపొమ్మన్నరు గద," అన్నాడు గాలయ్య. "చెప్పేదుంటే ఇయ్యాల్నే చెప్పు. లేకుంటే నోర్మూస్కొని ఆమెను సల్లగ పోనియ్యి."

ఆ సంగతి తెలిసింది వాళ్లిద్దరికే.

ఈదమ్మ, కాటమయ్య గద్వాలలో ఒకే పంతులు దగ్గర సంగీతం నేర్చుకున్నారు. ఆయనింటికి నీళ్లు మోసి, చీవాట్లు తిని నేర్చిన విద్య. తర్వాత ఒకే నాటక సమాజం. ఆమె రాణి, అతను రాజు. జనం మాత్రం రాణి కోసమే చాపలు పరుచుకునేవాళ్లు. అదీ అతని కడుపుమంట.

పోలీస్ యాక్షన్ అయిన కొత్తలో అచ్చంపేటలో నాటకం. ఆ రోజు ఆమె గొంతు పుండై ఉంది. శొంఠి కొరుక్కుంటూ, "ఒక్కపారి పాడి బయటపడ్తనే అన్నా," అంది. ఒక్కరోజు నవ్వులపాలైతే చాలనుకున్నాడు కాటమయ్య. జనంలో కూర్చున్న గాలయ్య చెవిలో ఒక మాట వేసి వచ్చి, చచ్చిన రాజుగా స్టేజీ మీద పడుకున్నాడు. ఆమె అతని మీద పడి ఏడుపు పద్యం ఎత్తుకుంది. అయిందో లేదో, "వన్స్‌మోర్!" అని అరిచారు గాలయ్య మనుషులు. అడిగితే కాదనే గుణం ఆమెకెక్కడిది? మళ్లీ పాడింది. మళ్లీ అరిచారు. ఆ గొంతు చిరిగిపోవడం కాటమయ్య అంత దగ్గర్నుంచి విన్నాడు. లేచి ఆపొచ్చు. లేవలేదు, పాపిష్టి మనిషి!

ఆ తర్వాత ఆమె మళ్లీ పాడలేక, పల్లీలు ఏరి బతికింది. అయినా రోజూ కషాయం తెచ్చే అతనితో మురిసిపోతూ అదే ముచ్చట. "జనం నన్ను దిగనియ్యలే గదనే!"

మధ్యాహ్నం కషాయం గిన్నె మంచం పక్కన పెట్టి చెప్పేశాడు. "ఈదమ్మా, గా వన్స్‌మోర్లు జనానివి గావు. నేనే అరిపించిన. నిన్ను జూసి ఓర్వలేక."

ఆమె గోడవైపు తిరిగింది.

"గొంతు పోయిందని నేనెన్నడన్న ఏడ్సిన్నా?" అంది. "గా రాత్రి ఉన్నదని బతికిన. గది గూడ గుంజుకుంటివి గద అన్నా."

కాటమయ్య బరువు దింపుకుందామని వచ్చి, దాన్ని ఆమె గుండెల మీద పెట్టాడు.

"పాడు," అంది ఈదమ్మ.

"ఏంది?"

"నా పద్యం. పక్కల పండుకొని ఇన్నవ్ గద. పాడు."

పాడాడు. నడుమ ఏడుపు ముంచుకొచ్చింది. ఎట్లాగో ముగించాడు. ఆమె దిండు కింది శొంఠి కొమ్ము తీసి కొరికింది.

"వన్స్‌మోర్," అంది.

ఆమె మొహంలో కోపం వెతికాడు. నవ్వు వెతికాడు. ఏదీ దొరకలేదు. మళ్లీ పాడాడు.

"వన్స్‌మోర్."

ఈసారి కళ్లు మూసుకుని, పంతులు నేర్పినట్టు నిండుగొంతుతో పాడాడు. పద్యం అయిపోయింది. కళ్లు తెరవకుండా ఆ మాట కోసం ఎదురుచూశాడు. ఇంకొక్కసారి అడిగితే తెల్లవార్లూ పాడేవాడు. అడగలేదు.

గాలయ్య వచ్చి ఆమె రెప్పలు మూశాడు. కషాయం గిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. దాని పక్కన జారిపడిన శొంఠి కొమ్ము, కొరికినచోట ఇంకా తడి ఆరలేదు.