అత్తగారి నీడ

అత్తగారి మణికట్టు విరగడానికి కారణం ఒక పీట. పెద్దకోడలి మనసు విరగడానికి కారణం రెండు చేతుల్లో ఇమిడే ఒక ఆట యంత్రం. మొదటిది జరగకపోతే రెండవది ఆ ఇంట్లో అడుగుపెట్టేదే కాదు.

అత్తగారు కుట్టుపనిలో చేయి తిరిగిన మనిషి. వీధివైపు గదే ఆవిడ దుకాణం. ఆవిడ కత్తిరిస్తే పెద్దకోడలు కాజాలు కుట్టి, బొత్తాలు వేసి, ఇస్త్రీ చేసేది. పై అరలోని గుడ్డ తానును అందుకోబోయి అత్తగారు పీట మీంచి పడ్డారు. కట్టు విప్పేసరికి బొటనవేలు కొయ్యబారింది, కత్తెర పట్టదు. డాక్టరు రబ్బరు బంతి పిసకమన్నాడు. పూటపూటా వేణ్ణీళ్ళ కాపడం పెట్టి, ఆ బంతిని అందించడం పెద్దకోడలి వంతు. అత్తగారు విసుక్కునేవారు, అయినా చెయ్యి ఆమెకే అప్పగించేవారు. ఆ అప్పగింతను పెద్దకోడలు లోలోపల ఒక నగలా దాచుకుంది.

చిన్నకోడలు ఆఫీసులో పనిచేస్తుంది. ఆ ఇంటికి వచ్చి ఏడాదైనా కాలేదు. ఒక సాయంత్రం తన ఆట యంత్రాన్ని తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టింది. రాతి వేదిక మీద ఇద్దరు కత్తియోధులు తలపడే ఆట అది. దెబ్బలకు కూలినా, వేదిక అంచు దాటి పడినా ఓటమే. యంత్రం రెండు పక్కలా ఉన్న మీటలను ఊడదీసి ఇద్దరు చెరొకటి పట్టుకోవచ్చు.

“బంతికన్నా ఇదే నయం అత్తయ్యా. వేలు దానంతటదే వంగుతుంది.”

వేలు నిజంగానే వంగసాగింది. బంతి కుట్టుమిషను కిందికి దొర్లి, దారప్పోగులు చుట్టుకుని అక్కడే ఉండిపోయింది.

“వెనకనించి పొడుస్తావా, దొంగమొహమా!”

“యుద్ధంలో అత్తేంటి, కోడలేంటి? కాచుకోండి!”

వంటింట్లో కూరలు తరుగుతున్న పెద్దకోడలికి ఆ నవ్వులు ఒక్కొక్కటీ ముల్లై దిగేవి. ఇన్నేళ్ళలో అత్తగారు తనను ఒక్కసారైనా దొంగమొహమా అనలేదు. లోకంలో ఎవరైనా తిట్టుకు అసూయపడతారా? ఆమె పడింది. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని పెద్దలు ఊరికే అనలేదనుకుంది.

ఆ యంత్రానికి ఒక గుణం ఉంది. ఎవరెలా ఆడతారో గమనించి, వారి నీడను తయారుచేస్తుంది. మనిషి లేనప్పుడు ఆ నీడతో పోరాడవచ్చు. అత్తగారి వేలు అలిసినప్పుడల్లా చిన్నకోడలు ఆవిడ నీడతో ఆడేది.

యంత్రంలో అత్తగారి పేరు మీద తను ఆడి వరసగా ఓడిపోతే, ఆవిడకు ఆట మీదే విరక్తి పుడుతుందని పెద్దకోడలి ఆలోచన. మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళ యంత్రం తీసి, ఎదుట చిన్నకోడలి నీడను నిలబెట్టుకుంది. ఆకుపచ్చ దుస్తుల యోధురాలు కత్తి దూసి మీదికి ఉరికింది. ఎవరి మీదా చెయ్యెత్తి ఎరగని పెద్దకోడలు కంగారుగా పక్కకు తప్పుకుంది. ఉరికిన ఊపులో ఆకుపచ్చది అంచు దాటి కిందపడింది.

ఓడిపోదామనుకున్న సంగతి ఆమె అక్కడే మరిచిపోయింది. అంత హాయి ఆ మధ్య మరెక్కడా దొరకలేదు. మర్నాటి నుంచి రోజూ అంచున నిలబడడం, తప్పుకోవడం, తోడికోడలు పడిపోతుంటే చూడడం. అత్తగారి పేరుతో ఆడుతున్నంతసేపూ యంత్రం తన నడతనే అత్తగారి నడతగా నేర్చుకుంటోందని మాత్రం ఆమెకు తోచలేదు.

ఒక సాయంత్రం చిన్నకోడలు కెవ్వుమంది. “ఇదేంటత్తయ్యా! మీరు మీదపడి నరికేస్తారు కదా! మీ నీడేంటి, అంచున నిలబడి తప్పుకుంటోంది? పడ్డచోటే మళ్ళీ పడుతున్నా!”

అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని తెరవైపు వంగారు. వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగిపోయింది. ఈ దొంగతనం బయటపడితే ఆ చెయ్యి ఇక తన చేతిలోకి రాదని పెద్దకోడలికి తెలుసు.

“యంత్రం పాడైందేమోలే,” అని అత్తగారు వంటింటివైపు ఒక చూపు చూశారు.

మర్నాడు మధ్యాహ్నం పెద్దకోడలు యంత్రం మీద చెయ్యి వేసిందో లేదో, “రావే దొంగా,” అన్నారు అత్తగారు, కళ్ళు తెరవకుండానే.

“దుమ్ము తుడుద్దామని అత్తయ్యా…”

“దుమ్ము తుడిస్తే నా నీడకి నీ బుద్ధులొచ్చాయా?”

పెద్దకోడలు తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

“ఇన్నేళ్ళూ ఎన్ని మాటలు విసిరాను నీ మీద! ఒక్కటైనా తగిలిందా? నువ్వు తప్పుకుంటావు, నేను బోర్లా పడతాను. ఆ నీడని చూడగానే తెలిసింది నువ్వేనని.”

“తగల్లేదని ఎవరన్నారు?” తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. “అన్నీ తగిలాయి. బంతి మూల పడేసినప్పుడు తగిలింది. చిన్నదాన్ని ముద్దుగా తిట్టినప్పుడు ఇంకా గట్టిగా తగిలింది.”

అత్తగారు లేచి కూర్చున్నారు.

“మరి నోరు తెరిచి ఏడవవేం, మొద్దుమొహమా? చిన్నది ఒకటంటే రెండంటుంది. తిరిగి కొట్టేవాళ్ళతోనేగా ఆట!” ఒక మీట ఊడదీసి చేతికిచ్చారు. “కూర్చో. తప్పుకున్నావో ఊరుకోను. కొట్టు.”

మొదటి వేటు గాలిని కోసింది. రెండవదీ అంతే. తర్వాతిది అత్తగారి యోధుడి భుజాన పడింది.

“అమ్మ దొంగమొహమా!”

పెద్దకోడలు తలెత్తలేదు. ఆ మాట ఎక్కడ పడాలో అక్కడ పడింది.

వాళ్ళు ఆటలో పొద్దెరగలేదు. ఆఫీసు నుంచి వచ్చిన చిన్నకోడలు సంచీ భుజానే ఉంచుకుని గుమ్మంలో ఆగింది. “అక్కా, నువ్వు కూడానా!” అని నవ్వబోయింది, నవ్వు సగంలో నిలిచింది. ఆమె కళ్ళు సోఫాలో తను రోజూ కూర్చునే చోటు మీద ఉన్నాయి.

“ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు, చూద్దాం. దానికి కాస్త చోటివ్వవే,” అన్నారు అత్తగారు.

ఆ చూపు పెద్దకోడలికి కొత్తది కాదు. ఇన్ని సాయంత్రాలూ వంటింట్లోంచి తను చూసిన చూపే. దానికి మందు ఏమిటో కూడా తెలుసు: ఒక జానెడు జరిగితే చాలు.

“బల్ల మీద కూరలున్నాయి చెల్లీ, కాస్త తరిగిపెట్టవూ?” అంది, ఉన్నచోటు నుంచి కదలకుండా.