చుక్కమ్మ ఎడమ లాడం

గుర్రాలకి లాడాలు కొట్టే మేస్త్రికి రోజూ మధ్యాహ్నానికల్లా పని అయిపోయేది. చివరి గుర్రం గిట్టని ఆకురాయితో నున్నగా రుద్ది, దాని డొక్క మీద ఒక్కటి చరిచి పంపించేశాక, తోలు ఆప్రాన్ విప్పి దాగలి దిమ్మ మీద పడేసేవాడు. అది గంట కొట్టినట్టే. షెడ్డు రెండో సగంలో జీనులు కుట్టే ఆయన భార్య దారం కొరికి సూది పక్కన గుచ్చేది. పందేల్లో సమయం లెక్కగట్టే పెద్దమనిషి తన స్టూలు తనే మోసుకొచ్చేవాడు. ఆయన్ని అందరూ గడియారం అనేవాళ్ళు. ట్రాక్ మీద గడ్డికి నీళ్ళు కొట్టే పిట్ట ట్యాంకరు బయట ఆపి లోపలికొచ్చేవాడు. పిట్ట మేస్త్రి భార్యకి తమ్ముడు. ఒకప్పుడు జాకీ. ఇప్పటికీ మనిషి యాభై కిలోలు దాటలేదు.

నలుగురూ చేరితే ఒకటే రగడ. ఈ కాలంలో అన్నిటికన్నా గొప్ప గుర్రం ఏది? ఏళ్ళ తరబడి ఇదే మాట. తేలితే మర్నాటికి పనుండదని కాబోలు, ఎవరూ తేల్చేవాళ్ళు కాదు.

వాళ్ళకి ఎదురుగా చెక్కగోడ మీద చనిపోయిన గుర్రాల లాడాలు ఉండేవి. ఒక్కో గుర్రానికి నాలుగు, కింద సుద్దముక్కతో పేరు. గొప్ప గుర్రాలు పోయాక కూడా పరిగెత్తడం మానవు కాబట్టి ఆ లాడాలు అరుగుతూనే ఉండేవి. పొద్దున్నే తలుపు తీసేసరికి వాటికి తడి గడ్డిపోచలు అంటుకుని ఉండేవి. "ఎక్కడెక్కడో తిరిగొచ్చి నా జీనుల మీదే రాలుస్తాయి," అని మేస్త్రి భార్య విసుక్కుంటూ ఊడ్చేది. బాగా అరిగినవి పీకి, బతికున్నవాటికి కొట్టినట్టే మేస్త్రి కొత్తవి కొట్టేవాడు.

ఆ గురువారం కూడా గడియారమే మొదలుపెట్టాడు.

"గొప్పతనమంటే సెకన్లు. మసిబొగ్గు రికార్డు దరిదాపులకి ఎవరైనా వచ్చారా?"

"ఒక్క ఏడాది మెరిసినదాన్ని పట్టుకుని ఎన్నాళ్ళు ఊగుతారండీ?" అన్నాడు మేస్త్రి. "గోడ మీదున్న మా పెద్దాయన పన్నెండో ఏట కూడా, అందరికన్నా ఎక్కువ బరువు మోసి గెలిచాడు."

"మీ పెద్దాయనకి ఏడాదికి ఒక జత లాడాలు అరగడమే గగనం. నా మసిబొగ్గుకి మూడు జతలు."

"అది బతికుండగానూ అంతే, కాళ్ళు ఈడ్చేది."

మేస్త్రి భార్య నవ్వింది. "గేటు దగ్గర నిలబెట్టినప్పుడు మిగతావన్నీ దేనికేసి చూస్తాయో అదే గొప్పది. ఆ సంగతి గడియారాలకేం తెలుస్తుంది?"

"పక్కనున్నదాన్ని కూడా దాని శక్తికి మించి పరిగెత్తించేది గొప్పది," అన్నాడు పిట్ట మెల్లగా. "చుక్కమ్మ."

ఆ పేరు వినపడగానే మేస్త్రి ఎప్పటిలాగే కొలిమి వైపు తిరిగి, ఆరిపోయిన బొగ్గులు కదపడం మొదలుపెట్టాడు.

చుక్కమ్మ నుదుట తెల్లచుక్క ఉన్న ఆడగుర్రం. పద్దెనిమిదేళ్ళ కిందట పిట్ట దాని మీద కూర్చుని అన్ని పందేలూ గెలిచాడు, అన్నిటికన్నా పెద్దది తప్ప. ఆ పందెంలో చివరి మలుపు దాకా చుక్కమ్మే ముందుంది. తరవాత తడబడింది. మసిబొగ్గు తలకాయంత తేడాతో గెలిచి, ఆ పరుగులోనే రికార్డు కొట్టింది. ఓడిపోవడానికే పిట్ట కావాలని పగ్గం బిగపట్టాడన్నారు. దానికి ఎడమ ముందుకాలు నొప్పి పెట్టిందని పిట్ట మొత్తుకున్నాడు. పందెపు లాడాలు పల్చటివి కాబట్టి ముందురోజు కొట్టి, పందెం అవగానే పీకేస్తారు. డాక్టరు వచ్చేసరికి గిట్ట ఖాళీగా ఉంది, ఏమీ కనిపించలేదు. పందేల కమిటీలో ముగ్గురు పెద్దలు సంతకం పెట్టి పిట్ట లైసెన్సు తీసేశారు. ఆ ముగ్గురిలో గడియారం ఒకడు. ఏటా పిట్ట అర్జీ పెట్టడం, కొత్త విషయం ఏదీ లేదని వాళ్ళు తిప్పి పంపడం. నలభై నిండితే ఇక అర్జీ తీసుకోరు. పిట్టకి ఎల్లుండి నలభై.

"రేపే కమిటీ. కాగితం తెచ్చావా?" అడిగాడు గడియారం.

"రాయలేదండీ."

"అదేంట్రా!" అంది అక్క.

పిట్ట గోడకేసి చూశాడు. చుక్కమ్మ లాడాలు మూడు అరిగి అరిగి ఎన్నోసార్లు మారాయి. ఎడమ ముందుది మాత్రం ఆ పందెం నాటిదే. కొత్త పళ్ళెంలా మెరుస్తూ ఉంటుంది, గడ్డిపోచ కూడా అంటదు. కుంటుతూ నడిచే మనిషి ఎదుట కాళ్ళ మాట ఎత్తనట్టు, ఇన్నేళ్ళూ ఎవరూ దాని సంగతి ఎత్తలేదు.

"నేనే బిగపట్టానేమో అక్కా," అన్నాడు పిట్ట. "అందరూ అంటుంటే అంటుంటే నాకూ అలాగే గుర్తొస్తోంది. పగ్గం ఎడమకి గుంజి ఉంటాను. అందుకే ఇప్పటికీ ఆ కాలు కింద పెట్టడం లేదు. నా మీద అలిగింది."

మేస్త్రి చేతిలో ఊచ ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళు తేలు కుట్టిన దొంగలా ఊరుకున్న మనిషి. పిట్టని లోకం తప్పు పట్టినంతకాలం ఎలాగో భరించాడు. పిట్టే తనని తను తప్పు పట్టుకుంటుంటే మాత్రం భరించలేకపోయాడు. లేచి, పట్టకారు తీసుకుని గోడ దగ్గరికెళ్ళి ఆ లాడం మేకులు ఒక్కొక్కటే పీకాడు. అయిదు పొడిగా వచ్చాయి. ఆరోదాని కొస ఎర్రగా, ఇంకా తడిగా ఉంది.

"పగ్గం కాదురా. మేకు," అన్నాడు. "తొందరలో లోపలికంటా కొట్టాను, కండకి తగిలింది. పందెం అయ్యాక లాడం పీకిందీ నేనే. చూశాను. తుడిచేశాను. ఆ ఏడే చుక్కమ్మ పోతే, అదే మేకుతో గోడకి కొట్టాను."

ఆ మేకుని దాగలి మీద పెట్టాడు.

"షెడ్డు పెట్టిన కొత్త. ఒక్క మేకు తప్పిందని తెలిస్తే ఇంకెవరూ గుర్రాన్ని తీసుకురారని భయపడ్డాను. వారం ఆగి చెబుదామనుకున్నాను. వారం అయ్యాక చెప్పడం ఇంకా కష్టమైంది."

"నా పక్కనే కూర్చుని, రోజూ వాడితో నవ్వుతూ..." మేస్త్రి భార్య లేచి నిలబడింది. "నా తమ్ముడి చేత పద్దెనిమిదేళ్ళు నీళ్ళ ట్యాంకరు తోలించారండీ మీరు."

పిట్ట బయటికెళ్ళి ట్యాంకరు ఎక్కాడు. ఆ సాయంత్రమంతా చివరి మలుపు దగ్గర ఒకేచోట నీళ్ళు కొడుతూ ఉండిపోయాడు. అక్కడ చిన్న మడుగు కట్టింది.

గడియారం మేకుని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. "ఇది కొత్త విషయమే. అర్జీ నేను రాస్తాను. ఆ సంతకానికి కూడా నేనే జవాబు చెప్పుకోవాలి." గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. "మూడు కాళ్ళ మీద పరిగెత్తి తల తేడాతో ఓడింది. ఇన్నేళ్ళూ మనం వాదించుకున్నది దేని గురించయ్యా?"

మేస్త్రి ఆ లాడాన్ని కొత్త మేకులతో, బతికున్న గిట్టకి కొట్టినట్టే కొసలు బయటికి వచ్చేలా చూసి చూసి మళ్ళీ గోడకి కొట్టాడు. మర్నాడు తలుపు తీసేసరికి దాని మీద గుప్పెడు గడ్డి ఉంది. వారం తిరిగేలోపు పద్దెనిమిదేళ్ళ అరుగుదలంతా అరిగి కాగితంలా అయింది.

పిట్టకి లైసెన్సు తిరిగొచ్చింది. షెడ్డుకి మాత్రం పిట్ట రాలేదు. అక్క తన మొగుడితో అవసరానికి మించి మాట్లాడలేదు. గడియారం స్టూలు కూడా రాలేదు. మధ్యాహ్నాలు మేస్త్రి ఒక్కడే గోడకేసి చూస్తూ కూర్చునేవాడు.

నెలన్నర తరవాత, పిట్ట పందేనికి ముందురోజు. ట్రాక్ అవతలి కొసన ఇంకో లాడాల షెడ్డుంది. పిట్ట అక్కడికే వెళ్ళి ఉంటాడని మేస్త్రి పొద్దుటి నుంచీ తనకి తనే చెప్పుకుంటున్నాడు. ఆప్రాన్ విప్పబోతుంటే గుమ్మంలో గిట్టల చప్పుడైంది. పిట్ట ఒక గోధుమరంగు ఆడగుర్రాన్ని నడిపించుకొచ్చి గోడ ముందు నిలబెట్టాడు. అవతల సూది ఆగింది.

పిట్ట మేస్త్రి మొహం చూడలేదు. వంగి, గుర్రం ఎడమ ముందుకాలు తనే ఎత్తి పట్టుకున్నాడు. మేస్త్రి మేకు పెట్టి సుత్తి ఎత్తాడు. దించేశాడు.

పిట్ట కాలు వదల్లేదు.

"తొందరేం లేదు బావా," అన్నాడు.