మోకాటిలో సూది

సూది వేయించుకున్న వారానికే గోవిందరాజన్ మోకాలు నొప్పిని మరిచిపోయింది. ఆయనకది శిక్షలా తోచింది.

పుదుచ్చేరి నెల్లితోపులో బియ్యం కొట్టు నడిపినంతకాలం ఆయన భార్య మంగళం కొట్టు వెనక నేలమీద కూర్చుని రాళ్లు ఏరేది. మోకాళ్లు అరిగి, గోడ పట్టుకుంటే తప్ప లేవలేని రోజులొచ్చాయి.

"గోరిమేట్లో డాక్టరు మోకాటికి సూది వేస్తాడంట నాయనా, అమ్మను పిలుచుకోని పోదాం" అని కూతురు యోగిత పోరింది.

"కీలులో సూది దిగితే కాలే పడిపోతాది. నూనె రాసుకోమను" అన్నాడు.

కిరుమాంబాక్కం ఊళ్లో ఎవడికో అట్లాగే అయిందని కూడా చెప్పాడు. అట్లా ఎవడికీ కాలేదు. సూది వేయించుకుని మంగళం నాలుగు రోజులు మంచమెక్కితే కొట్టులో పని ఆగిపోతుందని ఆయన బాధ. మంగళం నూనె రాసుకుంది. పోయినేడు గుండె ఆగి పోయేదాకా రాసుకుంటూనే ఉంది.

ఇప్పుడు అదే జబ్బు ఆయన కుడి మోకాటికి వచ్చింది. యోగిత ఒక్క ఎత్తిపొడుపు మాట అనకుండా ఆటో ఎక్కించి ఆ గోరిమేటి డాక్టరు దగ్గరికే తీసుకుపోయింది. ఏదో ఒకటి అనేస్తే బాగుండేదనిపించింది ఆయనకు.

"ఇది నొప్పిని కొన్నాళ్లు అణిచిపెడుతుంది పెద్దాయనా, అరిగిన కీలును కొత్తది చెయ్యదు. దీనికీ తగ్గకపోతే ఆపరేషన్ సంగతి చూద్దాం" అన్నాడు డాక్టరు.

తగ్గింది. వారం తిరగ్గానే ఇంటి మెట్లు దిగుతూ మధ్యలో నిలబడిపోయాడు గోవిందరాజన్. ఇంతేనా? ఒక్క పోటు. దానికా మంగళం అన్నేళ్లు మూలిగింది?

"ఎట్లుంది నాయనా?" అని యోగిత అడిగితే, "ఏం తగ్గలా" అన్నాడు.

తగ్గిందంటే, అమ్మకూ తగ్గేదే కదా అని యోగిత నోరు తెరిచి అనదు. చూస్తుంది. ఆ చూపుకు జడిసి ఆయన ఇంట్లో కుంటడం మొదలుపెట్టాడు. పిచ్చిపిల్ల నిజమే అనుకుని డాక్టరుకు ఫోన్ చేసింది. ఆపరేషన్‌కు రోజు కుదిర్చింది, తన ఆఫీసులో సెలవు చెప్పింది. కోస్తే కోయనీ, మంగళానికి చేసినదానికి తగిన శాస్తే అనుకున్నాడు. అట్లా అనుకుంటే మనసు కొంచెం తేలికపడింది. ఆ తేలికకు తనమీద తనకే రోత పుట్టింది.

ఇంతలో మంగళం తద్దినం వచ్చింది. అయ్యరు దర్భలు, నువ్వులు సర్ది నేలమీద పీట వేశాడు. యోగిత ఆ పీట పక్కన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చిపెట్టింది.

"కాలు బాగలేనోళ్లకు దోషంలేదు నాయుడూ, కూర్చో. ఇప్పుడు సగం పుదుచ్చేరి కుర్చీల్లోనే పెద్దలకు నీళ్లు వదులుతా ఉండాది" అన్నాడు అయ్యరు.

"రేపు మీరూ ఒక కుర్చీ ఎయ్యమంటారు సామీ, చూస్తా ఉండండి" అంది పక్కింటి చెంగమ్మ.

గోవిందరాజన్ కుర్చీ వైపు చూశాడు. ఆమె ఆ కాళ్లతో చివరిదాకా నేలమీదే కూర్చుంది. ఆమెకు నీళ్లు వదలడానికి తను దొంగ కుంటుడుతో కుర్చీ ఎక్కాలా?

కుర్చీని పక్కకు జరిపాడు. పీటమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఎక్కడా పట్టుకోలేదు, మూలగలేదు.

ఇత్తడి చెంబుతో నిలబడ్డ యోగిత ఆ మోకాలినే చూస్తోంది.

"నొప్పి లేదా?"

"లేదు."

"ఎప్పటి నుంచి?"

"సూది వేసిన వారం నుంచీ."

అయ్యరు మంత్రం ఆపేశాడు. చెంగమ్మ లేచి వంటింట్లోకి పోయింది.

"అమ్మ గోడ పట్టుకోని లేచేది నాయనా."

"అవును. నేనే పోనీలేదు. ఆ కిరుమాంబాక్కం మాట కూడా అబద్ధమే."

"ఆపరేషన్ వద్దని డాక్టరుకు చెప్తాలే" అని యోగిత వంగి నువ్వులున్న ఆయన దోసిట్లో నీళ్లు పోసింది. ఆయన ఆమె మొహం వైపు చూస్తూ నీళ్లు వదిలాడు, నువ్వులు పళ్లెంలో కాక నేలమీద పడ్డాయి.

"మళ్లీ తీసుకో" అన్నాడు అయ్యరు.