శిరివెళ్ల దాటని మనిషి

ఆదివారం పొద్దున పోలీస్ స్టేషన్లో సంతకం, సోమవారం పొద్దున నంద్యాల బస్సు. పన్నెండేళ్లుగా కరుణాకర్ వారం ఇట్లాగే మొదలయ్యేది. ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే షెడ్డులో అతని పని. కండక్టర్ ఆనందరావు అతనికి నంద్యాల టికెట్ ఎప్పుడూ కొట్టలేదు. "శిరివెళ్లకే ఇస్తాండాప్పా. ఆ పైన నువ్వుండవు గదా," అనేవాడు. నిజమే. దారిలో శిరివెళ్ల దాటగానే కరుణాకర్ సీటు ఖాళీ అయ్యేది. నిలబడి ఉన్నవాళ్లెవరో అందులో సర్దుకునేవారు. అదే క్షణాన అతను ఆళ్లగడ్డ బస్టాండులో సిమెంటు బెంచీ మీద, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండేవాడు. టీకొట్టు కొండమ్మ అడక్కుండానే గ్లాసు తెచ్చిచ్చేది.

నారాయణతో గొడవైన నాటి నుంచీ ఇంతే; ఈసారైనా దాటుతానేమోనని వారం వారం ఎక్కేవాడు. ఇద్దరూ ఒకే షెడ్డులో పక్కపక్కన చెక్కేవారు. ఒక పెద్ద నందిని ఎవరు చెక్కాలన్న దగ్గర మాట పెరిగి, కరుణాకర్ సుత్తితో కొడితే నారాయణ కుడిచెవి పోయింది. పోలీసులు వచ్చాక, వాడే ముందు ఉలి తీసి పొడవబోయాడని కరుణాకర్ చెప్పాడు. షెడ్డంతా నమ్మింది. పెద్దమనుషులు కేసు రాజీ చేయించారు గానీ, కరుణాకర్ మీద రౌడీషీటు మిగిలిపోయింది. తోటివాడి మీద ఉలి ఎత్తాడన్న పేరుతో నారాయణకు మాత్రం మళ్లీ ఏ షెడ్డులోనూ పని దొరకలేదు. దేవుళ్లను మలిచిన చేతులతో ఇల్లిల్లూ తిరిగి విసుర్రాళ్లకు గాట్లు పెట్టుకుంటూ బతికాడు.

ఇప్పుడు కరుణాకర్ కూతురు లహరి నంద్యాలలో నెలలు నిండి ఉంది. కాలు కింద పెట్టొద్దన్నారు డాక్టర్లు. తల్లి వెళ్లి దగ్గరుంది. ఒక్కసారి నిన్ను చూడాలనుంది నాయనా అని లహరి రోజూ ఫోను చేసేది. ఆ వారం అతను నాలుగుసార్లు బస్సెక్కాడు. నాలుగుసార్లూ బెంచీ మీదే తేలాడు. అటు కడప దారీ అంతే, చాగలమర్రి దాటనిచ్చేది కాదు. ఊరే చుట్టూ బిగిసిన ఉచ్చులా ఉండేది.

కొత్తగా వచ్చిన ఎస్సై జ్యోత్స్న ఆదివారం సాయంత్రాలు ఏదో ఒక వీధిలో కుర్చీలు వేయించి, తగాదా పడ్డవాళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టి మాట్లాడించేది. పన్నెండేళ్ల సంతకాలతో నారాయణకేం ఒరిగిందని ఆమె కరుణాకర్‌ను అడిగింది. షీటు సంగతి పైవాళ్లు చూస్తారు, దానికి నేను మాటివ్వలేను, కానీ నారాయణ ఎదుట కూర్చుంటావా అంది. ఆ ఆదివారం అతను వెళ్లి కూర్చున్నాడు.

నారాయణ ఎడమచెవి ఇటు తిప్పుకుని కూర్చున్నాడు. మాట్లాడింది అతని భార్య సుగుణమ్మ.

"నువ్వొక్కనివే అనుకున్నావా? ఈయన గూడా శిరివెళ్ల దాటలే. నంద్యాలలో చెవి డాక్టరుకు చూపిద్దామని ఎన్నిసార్లు పోయినామో. నేను ఆడ దిగేదాన్ని, ఈయన ఈడుండేవాడు. నువ్వు కొట్టినావ్, నువ్వు ఇరుక్కున్నావ్. ఈయన ఏం చేసినాడని?"

వీధిలో నలభై మంది ఉన్నారు. షెడ్డు వాళ్లందరూ ఉన్నారు. కరుణాకర్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"నారాయణ ఉలి తీయలేదు," అన్నాడు చివరికి. "ఆ పొద్దు ఆయప్ప చేతిలో ఏమీ లేదు. నేను అబద్ధం చెప్పినా."

నారాయణ లేచి, క్షమించానని గానీ లేదని గానీ చెప్పకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున బస్సులో ముందు సీట్లో నారాయణా సుగుణమ్మా ఉన్నారు. వెనక కరుణాకర్ కూర్చున్నాడు. శిరివెళ్ల దాటింది. కరుణాకర్ బెంచీ మీదున్నాడు. పక్కకు చూశాడు. నారాయణ లేడు. అంటే దాటాడు. తనెందుకు దాటలేదో కరుణాకర్‌కు చాలాసేపు తోచలేదు. తర్వాత, ఆ అబద్ధాన్ని ఇంకా నమ్ముతున్న మనిషి ఒకరున్నారని గుర్తొచ్చింది. ఆ మనిషి ఎదుట తలదించుకోవడం కన్నా ఈ బెంచీ మీదే ముసలైపోవడం మేలనిపించింది.

అయినా లహరికి ఫోను చేశాడు. ఉన్నదున్నట్టు చెప్పాడు.



"బళ్లో రౌడీ కూతురు అన్న పిల్లలందరితో కొట్లాడినా నాయనా," అంది. "ఆయప్పే నిన్ను పొడవడానికొచ్చినాడని చెప్పి కొట్లాడినా." ఫోను పెట్టేసింది.

కరుణాకర్ తరువాతి బస్సెక్కాడు. శిరివెళ్ల వచ్చింది, పోయింది. దీబగుంట్ల వచ్చింది. కండక్టర్ మళ్లీ దగ్గరికొచ్చి, ఏమీ అడక్కుండా నంద్యాలకు టికెట్ కొట్టిచ్చాడు.

లహరి మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. అతను లోపలికి పోలేక గడప దగ్గరే కూర్చున్నాడు. భార్య మంచినీళ్లిచ్చినా తాగలేదు. ఎంతోసేపటికి లహరి అటు తిరిగే అడిగింది.

"ఆయప్ప చెవి ఎట్లుంది?"

"తెలీదమ్మా. ఈ పొద్దే చూపించుకోను ఈ ఊరికే వచ్చినాడు."

"పోయి కనుక్కోని రా. ఆ పైన లోపలికి రా."

కరుణాకర్ లేచాడు. పన్నెండేళ్లలో నంద్యాల బాగా మారిపోయింది. చెవి డాక్టర్లు ఎక్కడుంటారని మలుపులో కనబడిన మొదటి మనిషిని అడిగి, అతను చూపిన వైపు నడిచాడు.